పెద్దబడి తలూపింది

పెద్దబడి వారు ప్రవేశాల ఫలితాలను ఎండలు ముదిరితే గాని ప్రకటించరు. అంతవరకు సీటు ఎవరికి వచ్చిందో ఎవరికీ చెప్పరు. చెప్పడం నియమాలకు విరుద్ధం. కాబట్టి చెప్పకుండా తెలియజేస్తారు. దీనికి వారు పెట్టుకున్న పేరు 'ముందస్తు శుభసూచన'. ఈ సూచన అందినవారు దాన్ని ప్రవేశంగా భావించరాదనీ, ప్రవేశం కాదని కూడా భావించరాదనీ, ఏమీ భావించకుండా సంతోషంగా ఉండవలసిందనీ, ఈలోగా ఇతర విద్యాసంస్థల వైపు మాత్రం కన్నెత్తి చూడరాదనీ వారి ప్రకటనలో స్పష్టంగా ఉంది. ఇంతకంటే స్పష్టంగా ఎవరు మాత్రం చెప్పగలరు?

పెద్దబడికి పొడుగాటి అసలు పేరు ఒకటుంది. దాన్ని గేటు మీద రాతిలో చెక్కించారు గాని, చదవడం పూర్తయ్యేలోగా కావలివాడు పక్కకు జరగమంటాడు గనుక ఊళ్ళో అందరూ పెద్దబడి అనే అంటారు. వందమంది తలుపు తడితే ముగ్గురిని లోపలికి రానిస్తుంది. మిగిలిన తొంభై ఏడుగురి వల్లే దానికి అంత పేరొచ్చింది. ఆ లెక్కన దాని కీర్తికి పునాది బయట నిలబడ్డవాళ్ళే. వాళ్ళకు సన్మానం చేయాలన్న ఆలోచన ఇంతవరకు ఎవరికీ రాలేదు.

శుభసూచన ఏ రూపంలో దిగివస్తుందో ముందుగా తెలియదు. ఒకరికి ఫోను వస్తుంది. ఒకరికి ఎవరో ఆచార్యుడు 'మా తోటలో ఈ ఏడు పూలు బాగా పూశాయి' అని మెయిలు రాస్తాడు. ఏదీ రాకపోవడం కూడా ఒక సూచనేనని నమ్మే వర్గం ఊళ్ళో బలంగా ఉంది. అందువల్ల చలికాలం దిగిందంటే చాలు, పిల్లలున్న ఇళ్ళన్నీ చెవులు రిక్కించుకుని కూర్చుంటాయి.

ఆ ఏడాది మొదటి సూచన లాయరు గారింట్లో దిగింది. వాళ్ళబ్బాయికి ఫోను వచ్చింది. అవతలివాళ్ళు "హలో" అన్నారు, "సారీ, రాంగ్ నంబర్" అని పెట్టేశారు. వెతికి చూస్తే అది పెద్దబడి నంబరే. ఆ 'సారీ'లో ఎంత ఆప్యాయత ఉందో లాయరు గారు వీధి చివరి దాకా నడుచుకుంటూ వెళ్ళి వినిపించి వచ్చారు. అంత పెద్ద సంస్థ ఊరికే ఎవరికైనా సారీ చెబుతుందా అని ఆయన వాదన. దానికి ఎదురు వాదన లేకపోయింది. మర్నాటినుంచి ఆయన నడక మారిపోయింది. తన కుక్కను కూడా కాస్త దూరంగా నడిపించసాగారు.

ఆ నడక చూసి అన్నం సహించనివాళ్ళలో మొదటివారు ఎదురింటి పళ్ళ డాక్టరు గారు.

డాక్టరు గారికి ఒక్కతే కూతురు. పుట్టినప్పుడు పెట్టిన పేరు చక్కటిదే గాని, నడక వచ్చిన నాటినుంచి చేతికందిన దానితో గోడల్నీ గచ్చునూ కొట్టి చెవి పెట్టి వినేది కాబట్టి ఇంట్లో 'సుత్తి' అనే పేరు స్థిరపడింది. బయటివాళ్ళు ఆ పేరు విని ఈ పిల్ల తెగ వాగుతుందేమోనని భయపడేవాళ్ళు. నిజానికి సుత్తి మాట్లాడేది చాలా తక్కువ. తండ్రి ఉన్నచోట మరొకరు మాట్లాడేందుకు ఆట్టే చోటు ఉండేది కాదు.

పెద్దబడి దరఖాస్తులో ఒక ముఖ్యమైన ప్రశ్న ఉంది. 'మీ జీవితంలో ఎదురైన అతి పెద్ద కష్టాన్ని వర్ణించి, దానివలన మీరు ఎంత ఉన్నతులయ్యారో వివరింపుము.' ఎంత వెతికినా సుత్తికి తన జీవితంలో ఆ ప్రశ్న తప్ప వేరే కష్టం కనబడలేదు. కూతుర్ని ఏ కష్టమూ లేకుండా పెంచినందుకు డాక్టరు గారు మొదటిసారి సిగ్గుపడ్డారు.

"చిన్నప్పుడు నువ్వు నీళ్ళలో పడ్డావు కదా తల్లీ, అది రాయి" అన్నారు.

"బకెట్లో పడ్డాను నాన్నా."

"నీళ్ళు నీళ్ళే."

సుత్తి కాసేపు ఆయన్ని చూసి, "సరే, నేను చూసుకుంటాలే" అంది. దరఖాస్తు వెళ్ళిపోయినట్టేనని డాక్టరు గారు లెక్క కట్టుకున్నారు.

సుత్తి మనసు వేరేచోట ఉంది. ఊరి చివర వంతెనల కాలేజీ అని ఒకటుంది. తలకు గట్టి టోపీ పెట్టి, తాళ్ళు కట్టుకుని వంతెన కింద వేలాడుతూ, స్తంభాల్ని సుత్తితో కొట్టి, చప్పుడు విని, లోపల గట్టిగా ఉందో డొల్లగా ఉందో తేల్చి చెప్పడం అక్కడ నేర్పే విద్య. ఆ కాలేజీకి శుభసూచనలు ఇవ్వడం చేతకాదు. పరీక్ష అయిన సాయంత్రమే అక్కడి మేష్టారు సుత్తిని పిలిచి, "నీకు సీటిచ్చాం. టోపీ ఏ సైజు?" అని అడిగేశారు. మూడునెలలైనా గుండె దడ పుట్టించకుండా ఇంత మోటుగా సీటిచ్చే సంస్థను ఎవరు మాత్రం గౌరవిస్తారు? డాక్టరు గారు ఆ సంగతి విని, "ఉండనీ, చెయ్యి తుడుచుకోవడానికి పనికొస్తుంది" అన్నారు.

అటువంటి రోజుల్లో ఒక ఉదయం పెద్దబడి ప్రవేశాల అధికారికి దవడపన్ను సలిపింది.

ఆయన బుగ్గ పట్టుకుని డాక్టరు గారి కుర్చీలో వాలేటప్పుడు మెడలోని గుర్తింపు కార్డు వెల్లకిలా పడింది. డాక్టరు గారు ముందు పన్ను చూడాలి, కార్డు చూశారు. ఆ తర్వాత ఆ పంటికి జరిగిన మర్యాద చరిత్రలో ఏ పంటికీ జరిగి ఉండదు. మత్తు సూది వేశారు. దూది ఉండలు కుక్కారు. నీరు పీల్చే గొట్టం తగిలించారు. అద్దం పెట్టారు. డ్రిల్లు చేతికి తీసుకుని, దాని చప్పుడు మీదుగా మర్యాదగా మాట కలిపారు. తమ అమ్మాయి కూడా మీ దగ్గర దరఖాస్తు పెట్టిందన్నారు. అధికారి "ఆఁ" అన్నారు. పేరు చెబితే గుర్తుండవచ్చునంటూ పేరు చెప్పారు. "ఆఁ, ఆఁ" అన్నారు. డ్రిల్లు పంటి దాకా తీసుకువెళ్ళి అక్కడ ఆపి, "వస్తుందంటారా సార్?" అని అడిగారు.

అధికారి డ్రిల్లును చూశారు, డాక్టరును చూశారు. గట్టిగా తలూపారు. కంటి కొసనుంచి ఒక బొట్టు చెవి వైపు జారింది. దాన్ని డాక్టరు గారు ఆనందబాష్పంగా గుర్తించారు.

డాక్టరు గారి భార్య కోర్టులో సాక్షులు చెప్పే మాటల్ని టైపు చేసే ఉద్యోగిని. ఉన్నమాట ఉన్నట్టు ఎక్కించడం ఆవిడకు అలవాటు.

"ఏమండీ, అప్పుడు ఆయన నోట్లో ఏముంది?"

"దూది, గొట్టం, అద్దం... నా వేళ్ళు."

"మరి ఆఁ అంటే అవునన్నట్టా, నొప్పన్నట్టా?"

"తలూపాడు. కళ్ళారా చూశాను."

"మా జడ్జి గారైతే ఈ సాక్ష్యం కొట్టేస్తారు."

"మీ జడ్జి గారబ్బాయికి పెద్దబడిలో సీటొచ్చిందా?"

"రాలేదు."

"మరింకేం" అన్నారు డాక్టరు గారు. కేసు అక్కడితో ముగిసింది.

ఎవరికీ చెప్పకూడదని ఇద్దరూ అనుకున్నారు. కొందరి నోట్లో నువ్వుగింజ నానదంటారు. పగలంతా ఇతరుల నోళ్ళు తెరిపించే మనిషి తన నోరు మూసుకోవాలని ఆశించడం కూడా అన్యాయమే. సాయంత్రానికి వీధికి, మర్నాటికి ఊరికి తెలిసిపోయింది. రాంగ్ నంబర్ గొప్పదా తలూపడం గొప్పదా అని చర్చ జరిగింది. టెలిఫోను సాక్ష్యం కంటే ముఖాముఖి సాక్ష్యానికే బలమెక్కువని లాయరు గారే ఒప్పుకున్నారు. ఆయన నడక మామూలైంది. డాక్టరు గారి నడక మారింది.

ఇక ఆ తర్వాత జరిగినవన్నీ సహజమైనవే. బడిలో లెక్కల టీచరు సుత్తి పాత పరీక్ష పేపరు మళ్ళీ తెప్పించుకుని, తాను తప్పు కొట్టిన లెక్కలో ఒక కొత్త పద్ధతి ఉందని కనిపెట్టింది. స్థానిక పత్రిక 'శుభసూచన అందుకున్న విద్యార్థిని' అని వార్త వేసి, కింద డాక్టరు గారి ఫొటో అచ్చేసింది. తోటి పిల్లల తల్లులు సుత్తిని దారిలో ఆపి, ఏ వైపుకు తిరిగి చదువుతావమ్మా అని అడిగి, ఇళ్ళలో బల్లలు అటు తిప్పించారు. సుత్తి తండ్రితో ఏదో చెప్పబోయింది. ఆయన ఫోను మాట్లాడుతూ, ఆగమని చెయ్యి చూపించారు. మరో పూట మళ్ళీ చెప్పబోయింది. "ఏదీ, నోరు బాగా తెరు. ఆ వెనక పన్ను కాస్త పచ్చబడిందే" అన్నారు. ఫలితాలు వచ్చి తన పేరు లేకపోతే ఈ గోల దానంతటదే చల్లారుతుందిలే అనుకుని ఆ పిల్ల ఊరుకుంది.

బడిలో అభినందన సభ పెట్టారు. ప్రిన్సిపాలు గారు మైకు సవరించుకున్నారు.

"ఈ బాలిక ఇంతవరకు ఏమీ సాధించలేదు. సాధించిన తర్వాత గౌరవించడంలో గొప్పేముంది, అది ఎవరైనా చేస్తారు. ఏమీ సాధించకముందే ఇంత సాధించిన ఈ విద్యార్థినిని సాధించకముందే గుర్తించడంలో మన పాఠశాల దూరదృష్టి ఉంది" అని ఆయన చెబుతుంటే, ఆ దూరదృష్టికి ముందువరుసలో ఒక దాత కళ్ళు తుడుచుకున్నాడు.

తర్వాత డాక్టరు గారు లేచారు. అసలు ఏమీ మాట్లాడకూడదనే ఆయన అనుకున్నారు. చప్పట్లు మొదలయ్యేసరికి ఆగలేకపోయారు. గొప్పవాటిని అందుకోవాలంటే చిన్నవాటిని వదులుకోవాలన్నారు. వంతెనల కాలేజీకి నిన్ననే తాను ఫోను చేశానన్నారు.

"ఆ టోపీ ఇంకెవరికైనా పెట్టుకోండి అని చెప్పేశాను."

హాలంతా గొల్లున నవ్వింది. మొదటి వరుసలో కూర్చున్న సుత్తి మాత్రం నవ్వలేదు. తన చేతుల్లోని పూలగుత్తిని పక్క కుర్చీలో పెట్టి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, నేల చూస్తూ కూర్చుంది. వేదిక మీదినుంచి డాక్టరు గారికి అది వినయంలాగే కనబడింది.

ఇంటికొచ్చాక ఆయన గుమ్మం దగ్గర బూట్లు విప్పుకుంటుంటే సుత్తి ఎదురుగా వచ్చి నిలబడింది.

"నాన్నా, నేను పెద్దబడికి అప్లికేషనే పెట్టలేదు."

డాక్టరు గారు ఒక బూటు చేత్తో పట్టుకుని అలాగే చూశారు. "చూసుకుంటానన్నావు కదే."

"చూశాను. చూసి మూసేశాను."

"ముందే చెప్పొచ్చుగా."

"ఎన్నిసార్లో మొదలుపెట్టాను. నేను నోరు తెరిస్తే నువ్వు పళ్ళే చూస్తావు."

ఆయన బూట్ల బల్ల మీద చతికిలబడిపోయారు. లోపలినుంచి భార్య వచ్చి ఇద్దరినీ చూసి, ఏమీ అడగకుండా ఆయన చేతిలోని బూటు తీసి కింద పెట్టింది. ఆవిడకు ఈ సంగతి ముందే తెలుసా అని ఆయనకు అనుమానం వచ్చింది గాని, తెలుసు అంటుందేమోనని భయపడి అడగలేదు.

అక్కడినుంచి ఆయన బతుకు నరకమైంది. పెద్దబడి భవనాలు చెమ్మపట్టి ఉంటాయనీ, అక్కడ నీళ్ళు పళ్ళకు మంచివి కావనీ కనబడినవాళ్ళకల్లా చెప్పసాగారు. సీటు ఖాయమైనవాడికి గాని ఇంత నిర్లక్ష్యం రాదని జనం ఆయన్ని మరింత గౌరవించారు. ఫలితాల రోజున క్లినిక్కు తెరవకుండా పడకగదిలో దుప్పటి కప్పుకుని పడుకున్నారు. అక్కడే భార్య ఫోను తెచ్చి చూపించింది.

సుత్తికి సీటు వచ్చింది.

'అభ్యర్థిని దరఖాస్తును నిశితంగా పరిశీలించిన మీదట, ముఖ్యంగా ఆమె తన కష్టాన్ని వర్ణించిన తీరుకు మా సంఘసభ్యులందరూ చలించిపోయి' అని మొదలైంది ఆ మెయిలు. భార్య దాన్ని కోర్టు గొంతుతో చివరిదాకా చదివి, "బకెట్టు సంగతి వాళ్ళకెలా తెలిసిందో" అంది.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. పెద్దబడి పెట్టింది. డాక్టరు గారు దుప్పటి విసిరేసి కూతురి గదికి పరుగెత్తారు. పాత భయమంతా ఎగిరిపోయింది. అడిగినవాళ్ళకు ఇవ్వడం లోకమంతా చేసే పనేననీ, అడగనివాళ్ళను వెతుక్కుంటూ రావడమే గొప్పతనమనీ చెప్పారు.

సుత్తి ఆయన చెప్పినదంతా విన్నది. "అడగని సీటు వాళ్ళిచ్చారు నాన్నా. అడిగి తెచ్చుకున్న సీటు నువ్వు వద్దన్నావు" అని మాత్రం అంది. కోపంగా అనలేదు. కోపంగా అనుంటే ఆయనకు జవాబు దొరికేది.

ఆ వారంలోనే ప్రవేశాల అధికారి పంటికి క్యాపు వేయించుకోవడానికి వచ్చారు. సూది వెయ్యక ముందే చెయ్యి అడ్డం పెట్టి, ఒక మాట చెప్పాలన్నారు. మీ అమ్మాయి దరఖాస్తు మా ఆఫీసులో ఎక్కడో పోయింది, ఎంత వెతికినా దొరకలేదు, మీరు పెద్దమనసుతో క్షమించాలి అన్నారు. పేపర్లో శుభసూచన వార్త వచ్చేసిందట. శుభసూచన ఇంతవరకు తప్పిపోయిన చరిత్ర లేదట. సూచన తప్పిందన్నా పరువు తక్కువే, దరఖాస్తు పోయిందన్నా పరువు తక్కువే గనుక పెద్దలు కూర్చుని సీటిచ్చేశారట.

"మరి తన కష్టాలకి చలించిపోయామని రాశారు?"

"అది అందరికీ రాసేదే."

డాక్టరు గారు సూది పక్కన పెట్టి, మా అమ్మాయి అసలు దరఖాస్తు పెట్టనే లేదండీ అని చెప్పేశారు. అధికారి మొహం పాలిపోయింది. ఆ మాట ఇంకెక్కడా అనవద్దని బతిమాలారు. పెట్టనివాళ్ళకు సీటు వచ్చిందని తెలిస్తే పెట్టినవాళ్ళు ఏమైపోతారన్నారు.

"ఇంతకీ ఆ రోజు ఎందుకు తలూపారు సార్?"

అధికారి ఆయన్ని వింతగా చూశారు. "మీ చేతిలో డ్రిల్లుంది కదండీ."

ఆ సాయంత్రం డాక్టరు గారు వంతెనల కాలేజీకి వెళ్ళారు. మేష్టారు పాఠాల కోసం కట్టిన పొట్టి వంతెన కింద తాడుకు వేలాడుతున్నారు. డాక్టరు గారు గట్టు మీద మోకాళ్ళు వంచి, కిందికి తొంగిచూస్తూ తన తప్పు చెప్పుకోవలసి వచ్చింది. వద్దన్నది నేను, అమ్మాయి కాదు, ఆ సీటు ఇంకా ఉంటే దయచేసి ఇవ్వండి అన్నారు.

మేష్టారు పైకి చూశారు. "సీటిచ్చింది మీకు కాదుగా బాబూ. మీరు వద్దంటే అదెలా పోతుంది? వద్దనుకుంటే ఆ పిల్ల వచ్చి చెప్పాలి." తర్వాత తన చేతిలోని సుత్తితో వర్క్‌షాపు వైపు చూపించారు. గోడకు వరుసగా టోపీలు వేలాడుతున్నాయి. ఒక దాని మీద సుత్తి అసలు పేరు, అక్షరం తప్పు లేకుండా, తెల్లరంగుతో రాసి ఉంది. డాక్టరు గారు దగ్గరికి వెళ్ళి దాన్ని ముట్టుకోబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

సుత్తి పెద్దబడికి 'రావడం లేదు, థాంక్స్' అని రాసింది. పెద్దబడి చరిత్రలో రానన్నవాళ్ళు లేరు గనుక ఆ మాట నమోదు చేసే ఏర్పాటు వారి దగ్గర లేదు. 'విద్యార్థిని రాక కొంత ఆలస్యమగుచున్నది' అని రాసుకున్నారు. ఇప్పటికీ అలాగే ఉంది.

డాక్టరు గారు ఈసారి నిజం దాచలేదు. అదే బడిలో, అదే మైకు దగ్గర నిలబడి, తమ అమ్మాయి దరఖాస్తు పెట్టలేదనీ, తలూపింది డ్రిల్లుకు భయపడి అనీ చెప్పారు. జనం ఎంతో శ్రద్ధగా విన్నారు. విని, ఇన్నాళ్ళకు అసలు రహస్యం బయటపడిందన్నారు. దరఖాస్తు పెట్టి సీటు పోగొట్టుకున్న కొడుకున్న లాయరు గారు అందరికంటే ముందు మేల్కొని, 'దరఖాస్తు పెట్టకపోవడంలో సంపూర్ణ శిక్షణ' అని బోర్డు కట్టారు. ఊరికే పెట్టకపోవడం ఎవరికైనా చేతనవుతుంది, పెద్దబడి దృష్టిలో పడేలా పెట్టకపోవడమే విద్య అని అక్కడ నేర్పుతారు. తెలివైన పిల్లలంతా పగలూ రాత్రీ కష్టపడి దరఖాస్తు పెట్టడం మానేశారు. పెద్దబడి వారు కూడా కాలానికి తగ్గట్టు మారి, దరఖాస్తు పెట్టనివారిలో సైతం నూటికి ముగ్గురినే తీసుకుంటామని ప్రకటించారు.

ఆ తర్వాతి ఏడు పెద్దబడి వారు తల్లిదండ్రులకు తమ ఆవరణ చూపించే రోజు వచ్చింది. అక్కడికి వెళ్ళాలంటే నది దాటాలి. ఆ ఉదయం సుత్తి, మరికొందరు విద్యార్థులు నది వంతెన కింద పని చేస్తుండగా ఒక స్తంభం డొల్లగా పలికింది. మేష్టారు విని అవునన్నారు. అధికారులకు కబురు పంపి, వాళ్ళు వచ్చేలోగా రెండువైపులా 'ప్రమాదం' అని బోర్డులు పెట్టి, ఎర్రజెండాలు ఇచ్చి పిల్లల్ని నిలబెట్టారు. అన్నం డబ్బా ఇవ్వడానికి వచ్చిన డాక్టరు గారు కూడా కూతురి పక్కన నిలబడ్డారు.

మొదట వచ్చిన కారు లాయరు గారిది. వెనక సీట్లో ఆయన చిన్నకొడుకు.

"అంకుల్, కింద స్తంభం దెబ్బతింది. వెనక్కి వెళ్ళిపోండి" అంది సుత్తి.

లాయరు గారు జెండా చూశారు, బోర్డు చూశారు, పెద్దబడిని కాదన్న పిల్లనూ ఆమె తండ్రినీ చూశారు. ఆయన కళ్ళు మెరిశాయి. భార్య వైపు వంగి, "మనవాడికి పట్టుదల ఉందో లేదో చూస్తున్నారు. ఇదే సూచన" అన్నారు. డాక్టరు గారు రెండు చేతులూ చాపి కారుకు అడ్డం నిలబడ్డారు. ఇది సూచన కాదు, నిజం, నా మాట వినండి అని గొంతు పోయేలా అరిచారు. లాయరు గారు ఆయనకు ఎంతో అభిమానంగా నమస్కారం పెట్టి, పక్కనుంచి తిప్పుకుని వెళ్ళిపోయారు. వెనక కార్లు ఒక్కొక్కటే అదే దారి పట్టాయి. కొందరు ఆగి, బోర్డుతో పాటు పిల్లాణ్ణి నిలబెట్టి ఫొటో తీసుకుని మరీ వెళ్ళారు.

వంతెన ఆ రోజు కూలలేదు. అది వంతెన మంచితనం. ఆ స్తంభం బాగుచేయించే విషయం ఇంకా పరిశీలనలో ఉంది. మనం రోజూ దాని మీదినుంచే వెళ్తున్నాం. కాస్త చెవి పెడితే కిందినుంచి సుత్తి దెబ్బలు వినిపిస్తాయి. మనకు మాత్రం అవి చప్పట్లే.